షెడ్డుకొస్తే మొరాయించని కారు



తిరుపతిలోనో చిత్తూరులోనో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ గోడు చెవిన పడుతుంది. "నిన్న సాయంత్రం రైల్వేస్టేషన్ కాడ మొండికేసినాదన్నా. నలుగురం తోస్తే గానీ స్టార్ట్ కాలేదు" అంటాడు కారాయన. మెకానిక్ లోపల కూర్చుని తాళం తిప్పుతాడు. ఇంజను టక్కున అందుకుంటుంది. ఆపి మళ్లీ తిప్పుతాడు. మళ్లీ అందుకుంటుంది. "బాగానే స్టార్టవుతా ఉండాది కదా సామీ!" అంటాడు. కారాయన ముఖం చిన్నబోతుంది. ఏదో ఒకటి చేయమని బతిమాలితే ప్లగ్గులు తుడిచి పంపిస్తాడు. రెండు రోజుల తర్వాత అదే కారు ఓ కల్యాణమండపం ముందు, చుట్టాలందరూ ఎక్కి కూర్చున్నాక, మళ్లీ మొండికేస్తుంది.

పూర్తిగా చెడిపోయిన బండితో పెద్ద చిక్కు లేదు. ఎక్కడ ఆగిపోయిందో వెతుక్కుంటూ పోతే దొరుకుతుంది. పదిసార్లు బాగా స్టార్టయి పదకొండోసారి మొరాయించే బండే ఆరితేరిన మెకానిక్కునైనా తికమక పెడుతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి గురించే ఈ ప్రసంగం.

ఈ ప్రాంతంలో పాత కార్లను నంబరు పలకే పట్టిస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చేదాకా చిత్తూరు జిల్లా బండ్ల నంబర్లు ఏపీ 03తో మొదలయ్యేవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా ఆ పలకలు మారలేదు. ఆ బండ్లలో అంబాసిడర్లు ఉన్నాయి, మారుతి 800లు ఉన్నాయి, పొరుగునే శ్రీపెరుంబుదూరు దగ్గర 1998 నుంచి తయారైన శాంత్రోలు ఉన్నాయి. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలు చేతులు మారిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. అంటే ఈ రెండింటిలో ఎంత కొత్తదైనా పదేళ్లు దాటిన బండే. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. కాబట్టి ఈ బండ్లు ఇంకా కొన్నేళ్లు రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి, వాటితోపాటే ఈ స్టార్టింగ్ ట్రబులూ ఉంటుంది.

వచ్చిపోయే చలిజ్వరానికి రక్తపరీక్ష జ్వరం ఉన్నప్పుడే చేయించమంటారు డాక్టర్లు. కారు విషయంలోనూ అంతే. అది మొరాయించిన ఆ అయిదు నిమిషాల్లో దొరికే ఆధారం, బాగా నడిచే నెల రోజుల్లో దొరకదు. కానీ ఆ అయిదు నిమిషాల్లోనే మనిషికి కంగారు పుడుతుంది. తాళం పదే పదే తిప్పడం, బానెట్ ఎత్తి కనిపించిన వైరునల్లా లాగడం, దారినపోయే వాళ్లను పిలిచి తోయించడం. ఎలాగో స్టార్టవుతుంది. ఏం చేస్తే స్టార్టయిందో ఎవరికీ గుర్తుండదు.

ఆ సమయంలో గమనించాల్సినవి నాలుగే. ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా? తాళం తిప్పితే ఏ చప్పుడొచ్చింది? ఆ క్షణంలో హెడ్‌లైట్లు ఎలా ఉన్నాయి? చివరికి ఏం చేస్తే, ఎంతసేపటికి స్టార్టయింది? ఈ నాలుగింటికీ జవాబులుంటే సగం రోగం తేలిపోయినట్టే.

ముందు చప్పుడు సంగతి చూద్దాం. రేడియోలో చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన విషయం లేదు. స్టార్ట్ కాని కారు చేసే చప్పుళ్లు అయిదు రకాలు. మొదటిది అసలు చప్పుడే లేకపోవడం. రెండోది 'టక్' అని ఒకే ఒక్క దెబ్బ, ఆ తర్వాత నిశ్శబ్దం. మూడోది 'టకటకటకటక' అని ఆగకుండా కొట్టుకోవడం. నాలుగోది 'గుర్ర్... గుర్ర్...' అని ఈడ్చుకుంటూ తిరగడం. అయిదోది ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు చురుగ్గా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడం. ఇవి అయిదు వేర్వేరు జబ్బులు. మెకానిక్ దగ్గరికెళ్లి "స్టార్ట్ కావడం లేదు" అంటే అయిదింటినీ ఒకే గంపలో వేసినట్టు. "టక్ అని ఒక్కసారి కొట్టి ఊరుకుంటా ఉంది" అంటే మంచి మెకానిక్ చెయ్యి నేరుగా సెల్ఫ్ మోటారు మీదికి పోతుంది.

తాళం తిప్పితే ఇంజను తిరగడం ఇవాళ మామూలు విషయం. వందేళ్ల కిందట అలా కాదు. ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912 మోడల్ కాడిలాక్ కార్లతో జనంలోకి వచ్చింది. అంబాసిడర్‌కు సెల్ఫ్‌తో పాటు హ్యాండిల్ కూడా ఉండేది. బ్యాటరీ పడుకుంటే డిక్కీలోంచి హ్యాండిల్ తీసేవాళ్లు. తర్వాతి కార్లలో ఆ ఆసరా లేదు, అన్నిటికీ బ్యాటరీయే దిక్కు.

కారు బ్యాటరీలు చాలా పుట్టేది ఈ నేల మీదే. చిత్తూరు జిల్లా పేటమిట్ట నుంచి వెళ్లి అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. రేణిగుంట దగ్గరి కరకంబాడిలో వెలసిన ఆ ఫ్యాక్టరీ నుంచి 2000లో ఆమరాన్ కారు బ్యాటరీలు బజారులోకి వచ్చాయి. బ్యాటరీలు చేసే ఊరైనా ఎండ తప్పదు. మే నెలలో తిరుపతి, రేణిగుంటల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. బానెట్ కింద అంతకన్నా ఎక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు మోటుగా ఒక లెక్క చెబుతారు. చలిదేశాల్లో శీతాకాలం బ్యాటరీని చంపుతుందంటారు. ఇక్కడ రోహిణి కార్తె దెబ్బతీస్తే, ఆ దెబ్బ మార్గశిరంలో మదనపల్లె చలి పొద్దున బయటపడుతుంది. చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. రెండూ ఒకేసారి ఎదురయ్యేసరికి వేసవిలో ఎలాగో లాక్కొచ్చిన బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

'టకటకటక' అన్నా, 'గుర్ర్' అని ఈడ్చినా ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని, దాని కనెక్షన్లను. దీనికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే కొలిస్తే బాగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.2 దగ్గరుంటే సగమే చార్జి ఉన్నట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నట్టు. లేకుంటే బెల్టు వదులైందో, ఆల్టర్నేటర్‌లో డయోడు పోయిందో చూడాలి.

అయితే ఇక్కడో మోసం ఉంది. ఆగి ఉన్నప్పుడు నిక్షేపంగా 12.5 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోవచ్చు. అందుకే అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడే. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. అప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లులూ విడివిడిగా చూడాలి. అయిదు సెల్లులు 1.250 దగ్గర ఉండి ఒక్కటి మాత్రం 1.100కు పడిపోయిందంటే ఎంత చార్జి పెట్టినా లాభం లేదు, ఆ సెల్లు చచ్చిపోయింది.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది. రోజూ తిప్పితే బాగుంటుంది, మూడు రోజులు ఊరెళ్లొస్తే స్టార్ట్ కాదు. ఈ బ్యాటరీని మార్చి లాభం లేదు, బండి ఆగి ఉన్నా ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. లెక్క చూడండి. అర ఆంపియర్ చొప్పున పోతే రోజుకు 12 ఆంపియర్ అవర్లు. మారుతి 800లో వేసే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజులకు ఖాళీ. దొంగ చాలాసార్లు తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో, ఆరిపోని డిక్కీ లైటో, ఆల్టర్నేటర్‌లో పాడైన డయోడో. నెగటివ్ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టి, ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే ఏది తీసినప్పుడు ముల్లు పడిందో అక్కడే దొంగ ఉన్నాడు. ఈ పని చేసేటప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టకూడదు, ఆ కరెంటుకు మీటరు తట్టుకోదు.

బ్యాటరీ మంచిదే అని తేలింది. కొత్తది వేసినా జబ్బు పోలేదు. ఇక్కడే చాలామంది రెండో తప్పటడుగు వేసి సెల్ఫ్ మోటారు విప్పిస్తారు. ఆ రెంటికీ మధ్య ఉన్న వైర్లనూ బోల్టులనూ ఎవరూ పట్టించుకోరు. అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బుల్లో పెద్దభాగం అక్కడే ఉంటుంది.

కారణం చిన్న గుణకారం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు నూట యాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో ఒక జాయింటు దగ్గర ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉందనుకుందాం. మామూలు మీటరు అంత చిన్న అడ్డును చూపలేదు. కానీ 150ని నూరో వంతుతో హెచ్చిస్తే ఒకటిన్నర వోల్టు. అది అక్కడే వేడిగా మారిపోతుంది, సెల్ఫ్‌కు చేరదు. హెడ్‌లైటుకు కావాల్సింది నాలుగైదు ఆంపియర్లే కాబట్టి అదే జాయింటు మీదుగా లైటు ధగధగా వెలుగుతుంది. "లైట్లు బాగా వెలుగుతున్నాయి, బ్యాటరీకి ఏం రోగం?" అన్న వాదన ఇక్కడే బోల్తా పడుతుంది.

ఆ జాయింటును దగ్గరగా చూస్తే విషయం అర్థమవుతుంది. బ్యాటరీ మీద సీసపు గుబ్బ, దాన్ని చుట్టి బిగించిన క్లాంపు. పైకి గట్టిగానే ఉంటుంది. క్లాంపు విప్పి లోపలి వైపు చూస్తే బూడిదరంగు పొర, అంచుల్లో తెల్లగా పచ్చగా చిలుము. గుబ్బకూ క్లాంపుకూ అసలు తాకిడి ఉన్నది మెరుస్తున్న రెండు మూడు చిన్న మచ్చల దగ్గరే. గతుకు తగిలితే ఆ మచ్చలు కాస్త జరుగుతాయి. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే ఇంట్లో స్టార్టయిన కారు బజారులో మొరాయిస్తుంది. షెడ్డులో మెకానిక్ టెర్మినల్‌ను చేత్తో ఇటూ అటూ తిప్పగానే బాగైపోతుంది. కానీ అది బాగైనట్టు కాదు. విప్పి ఉప్పుకాగితంతో రుద్ది, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వ్యాజలీను పూసినప్పుడే బాగైనట్టు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

ఈ అడ్డును విప్పకుండానే పట్టుకునే ఉపాయం కూడా ఉంది. మీటరు ఒక మొనను సీసపు గుబ్బ మీదే ఆనించాలి, రెండో మొనను దాన్ని చుట్టిన క్లాంపు మీద. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. రెండూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి కాబట్టి మీటరు సున్నా దగ్గరే ఉండాలి. అర వోల్టో ఒక వోల్టో చూపించిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత నెగటివ్ గుబ్బ నుంచి ఇంజను ఒంటికి కొలవాలి. 0.2 వోల్టులు దాటకూడదు. పాజిటివ్ గుబ్బ నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకు కొలిస్తే అర వోల్టు దాటకూడదు. అంతా కలిపి పది నిమిషాల పని.

ఎర్త్ వైరు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకీ ఇంజనుకూ మధ్య ఒక అల్లిన రాగి పట్టీ ఉంటుంది. పాత కార్లలో అది నూనె, దుమ్ము పట్టి పోగు పోగుగా తెగిపోతుంటుంది. అది సరిగ్గా లేనప్పుడు సెల్ఫ్ కరెంటు వెనక్కి వెళ్లడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో దానికి దొరుకుతుంది. సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందంటే ఇంక వెతకక్కర్లేదు, ఎర్త్ పట్టీ మార్చడమే.

ఇక 'టక్' అని ఒక్క దెబ్బ కొట్టి ఊరుకునే బండి. సెల్ఫ్ మోటారు వీపు మీద సొలెనాయిడ్ అని చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది. తాళం తిప్పగానే అందులోని చుట్టకు అయస్కాంత శక్తి వచ్చి ఒక కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ ఒక పక్క పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజను ఫ్లైవీలుకు తగిలిస్తుంది, రెండో పక్క ఒక రాగి బిళ్లను రెండు బోల్టుల తలలకు ఆనించి పెద్ద కరెంటును మోటారులోకి వదులుతుంది. వేలసార్లు మెరుపులు లేచి లేచి ఆ రాగి బిళ్ల అంచులు నల్లగా కాలి గుంటలు పడతాయి. బిళ్ల తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఒకసారి మంచి భాగం ఆనుతుంది, ఒకసారి కాలిన భాగం ఆనుతుంది. జబ్బు వచ్చిపోవడానికి కారణం అదే. సెల్ఫ్ మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే స్టార్టయిందంటే బిళ్లో, అరిగిపోయిన కార్బన్ బ్రష్షులో కారణం. రెండూ మార్చుకోదగినవే. సెల్ఫ్ మొత్తం కొత్తది కొనాల్సిన పని లేదు.

అసలు చప్పుడే లేకపోతే? అప్పుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాలి. లైట్లు పూర్తిగా ఆరిపోతే టెర్మినలో ఎర్త్ వైరో వదిలేసింది. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా మోటారు బిగుసుకుని ఉండాలి. లైట్లలో మార్పే లేకపోతే సొలెనాయిడ్‌కు ఆజ్ఞే చేరడం లేదు. అది తాళం వెనకున్న ఇగ్నిషన్ స్విచ్చి నుంచి వెళ్లే సన్నటి వైరు పని. తాళం కాస్త వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పితే స్టార్టయ్యే కార్లలో స్విచ్చి లోపలి కాంటాక్టులు అరిగి ఉంటాయి. వేడి కూడా దీనికి తోడవుతుంది. రాగి 50 డిగ్రీలు వేడెక్కితే దాని అడ్డు దాదాపు అయిదో వంతు పెరుగుతుంది. ఎగ్జాస్టు గొట్టం పక్కనే సెల్ఫ్ ఉన్న బండ్లలో ఆ చుట్ట వేడికి నీరసిస్తుంది, పాత స్విచ్చి మీదుగా వచ్చే బలహీనమైన కరెంటు దాన్ని లాగలేకపోతుంది. దూరప్రయాణం చేసి టీకి ఆగి మళ్లీ ఎక్కినప్పుడు మాత్రమే మొరాయించే బండ్లలో ఆటో ఎలక్ట్రీషియన్లు స్విచ్చికి భారం తగ్గించేలా ఒక రిలే పెడతారు. చవకైన మందు, బాగా పనిచేస్తుంది.

అయిదో రకంలోనే ఒక మెలిక ఉంది. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది గానీ ఇంజను కదలదు అంటే ఫ్లైవీలు చుట్టూ ఉన్న రింగ్ గేర్ పళ్లు చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. కంప్రెషన్ ఒత్తిడికి ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకదాని దగ్గరే ఆగుతుంది. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల ఇంజనుకు అలాంటి చోట్లు మూడు. ఏళ్ల తరబడి అక్కడి పళ్లే అరుగుతాయి. గేరులో వేసి బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో తోసి మళ్లీ తిప్పితే స్టార్టయిందంటే కథ అదే.

చివరి రకం, ఇంజను చక్కగా తిరుగుతుంది గానీ అందుకోదు. ఇక్కడ బ్యాటరీ, సెల్ఫ్ తప్పుకుంటాయి. పెట్రోలు చేరలేదా, నిప్పురవ్వ లేదా అన్నదే ప్రశ్న.

దీనికి తిరుమల ఘాట్‌రోడ్డును మించిన పరీక్షాశాల లేదు. 1944లో తెరిచిన మొదటి ఘాట్‌రోడ్డు మీదుగా ఇప్పుడు బండ్లు దిగుతాయి, 1974లో వచ్చిన రెండో దాని మీదుగా ఎక్కుతాయి. సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున్న తిరుమలకు సెకండు, థర్డు గేర్లలో నిండా జనంతో ఎక్కిన పాత కార్బొరేటర్ కారును ఊహించుకుందాం. పైకి చేరి ఆపగానే ఫ్యాను ఆగింది, రేడియేటర్‌లో నీళ్ల ప్రవాహం ఆగింది. కానీ ఇంజనులో వేడి బయటికి పోదు, పైకి కార్బొరేటర్‌లోకి ఎక్కుతుంది. ఆపిన పావుగంటకు బానెట్ కింద వేడి నడుస్తున్నప్పటికంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. పైపుల్లోనో, పెట్రోలును లాగే ఏసీ పంపులోనో పెట్రోలు ఆవిరై పంపు ద్రవాన్ని లాగలేకపోతుంది. లేదా కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉడికి లోపలికి పొంగిపోతుంది.

రెండూ స్టార్ట్ కాని జబ్బులే, మందు మాత్రం తలకిందులు. పెట్రోలు వాసన గుప్పుమంటే, ప్లగ్గు విప్పితే తడిగా ఉంటే పొంగినట్టు. అప్పుడు చోక్ జోలికి పోకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. వాసన లేక ప్లగ్గు పొడిగా ఉంటే ఆవిరి అడ్డుపడినట్టు. అప్పుడు బానెట్ ఎత్తి ఆగాలి. వెనకటి అంబాసిడర్ డ్రైవర్లు ఏసీ పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే.

వేడిలో మొరాయించి అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండిలో ఇంకో ఇద్దరు అనుమానితులు ఉన్నారు. పాత కార్లలో ఇగ్నిషన్ కాయిల్, డెల్కో అనే డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే కండెన్సర్. లోపలి ఇన్సులేషన్ దెబ్బతిన్న కాయిలు చల్లగా ఉన్నప్పుడు మంచి నిప్పురవ్వే ఇస్తుంది, కాలాక ఇవ్వదు. కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్‌తో నడిచే ఎంపీఎఫ్‌ఐ కార్లలో ఆ స్థానం క్రాంక్ సెన్సరుది. అదీ కాలినప్పుడు మూగబోయి, చల్లారాక మాట్లాడుతుంది. చల్లగా ఉన్న షెడ్డులో పరీక్షిస్తే రెండూ పాసవుతాయి. కాబట్టి బండి వేడెక్కిన స్థితిలోనే, మొరాయించిన చోటే చూడాలి. అది కుదరదంటే కాయిలును, సెన్సరును హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చూసే మెకానిక్కులూ ఉన్నారు.

ఎంపీఎఫ్‌ఐ బండికి ఇంకో చప్పుడు కూడా వినాలి. తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా ఆగితే వెనక సీటు దగ్గర పెట్రోలు ట్యాంకులోంచి రెండు సెకన్లపాటు 'జుయ్' అని పంపు మోగుతుంది. ఆ మోత లేకపోతే పంపో, దాని రిలేనో. రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపి అప్పుడు సెల్ఫ్ కొడితే స్టార్టవుతోందంటే రాత్రికి రాత్రి పైపుల్లో ఒత్తిడి దిగిపోతోంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తగ్గట్టు తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు పెళుసెక్కాయేమో కూడా చూసుకోవాలి.

వానలది వేరే కథ. 2021 నవంబరు మూడో వారంలో కురిసిన కుంభవృష్టికి తిరుపతి వీధులు వాగులయ్యాయి. అలా నీళ్లలో నానిన కార్లలో కనెక్టర్ల లోపల చిలుము మెల్లగా పాకుతుంది, ఆర్నెల్ల తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. అందుకే ఏపీ 03 పాత కారు కొనేవాళ్లు డోరు కింద కార్పెట్ ఎత్తి మట్టి గీతలు, తుప్పు ఉన్నాయేమో చూడాలి. తేమ పొద్దుల్లో మాత్రమే మొండికేసే బండికి డెల్కో మూత, ప్లగ్గు వైర్లు చూడాలి. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపితే చిట్లిన వైరు మీద నీలంగా నిప్పురవ్వలు పాకడం కంటికే కనిపిస్తుంది. వైర్లు కొరికే ఎలుకల సంగతి మామిడితోటల పక్కన కారు నిలిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు. చార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల పనికిరావు. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఆపకుండా కొట్టకూడదు, కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. స్క్రూడ్రైవర్‌తో సొలెనాయిడ్ బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు ప్రమాదం. గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకి ఎదురుగా ఉన్న మనిషిని నలిపేస్తుంది. ఘాట్‌రోడ్డు మీద ఇంజను ఆగిన బండిని పల్లానికి దొర్లించి స్టార్ట్ చేద్దామనే ఆలోచన అసలే వద్దు. ఇంజను ఆగితే బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉండదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, సాయం కోసం ఆగడమే మేలు.

వరస మాత్రం తప్పకూడదు. ముందు చప్పుడు, తర్వాత బ్యాటరీ, తర్వాత టెర్మినళ్లు, ఎర్త్ వైరు, ఆపైన స్విచ్చి, సొలెనాయిడ్, బ్రష్షులు. ఇంజను తిరిగీ అందుకోకపోతేనే పెట్రోలు, నిప్పురవ్వ. ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పే పనులు తర్వాత, కొనే సామాన్లు అన్నిటికన్నా చివర. కొలిచి చూడకుండా బ్యాటరీ, సెల్ఫ్, కాయిల్ వరసగా మార్చిన కారు నాలుగో నెలలో మళ్లీ రోడ్డు మీద నిలబడితే ఆ డబ్బు తిరిగిరాదు.

పాత కారున్న శ్రోతలకు ఒక మనవి. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మొరాయించిన ప్రతిసారీ తేదీ, వేళ, ఇంజను వేడి, చప్పుడు, ఏం చేస్తే స్టార్టయిందన్నది రాయండి. చేతిలో ఫోను ఉంటే ఆ చప్పుడు రికార్డు చేయండి. మెకానిక్‌కు అవి చూపించి, బండిని ఒక రాత్రి షెడ్డులోనే ఉంచి పొద్దున్నే మొదటిసారి తాళం ఆయన చేతనే తిప్పించండి. వేడిలో వచ్చే జబ్బయితే ఆయన్ను ఎక్కించుకుని చంద్రగిరి దాకా ఒక చుట్టు తిరిగి రండి. ఏ పార్టు మార్చినా పాతది అడిగి తీసుకుని చూడండి. అన్నిటికన్నా ముందు, ఈ ఆదివారం తీరిక చేసుకుని బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినళ్లూ ఎర్త్ వైరు బోల్టూ గట్టిగా ఉన్నాయో లేదో కదిపి చూడండి.